గద్య లేని కృతి

మా తెనాలిలో కాలువ వంతెన దాటని వాడుండడు. దాటుచు ఒక్క నిమిషము నిలిచి నీటిని చూచువాడు మాత్రము అరుదు. అట్లు నిలుచువానిని ఒకనిని నేను దాదాపు ముప్పది యేండ్లుగా ఎరుగుదును. నేను కళాశాలలో అధ్యాపకుడనుగా చేరిన తొలినాళ్ళలో అతడు నా తరగతిలో వెనుక బల్లపై కూర్చుండెడివాడు. అలంకారముల మీద వానికి శ్రద్ధ తక్కువ. కాని ప్రబంధములలో సూర్యోదయ వర్ణన వచ్చిననాడు తల యెత్తి, "మాస్టారూ, ఆ వెలుతురు ఏ పక్క నుంచి పడుతున్నట్టండీ?" అని అడిగెడివాడు. తరగతి గొల్లున నవ్వెడిది. నేనును నవ్వితిని. అది నవ్వవలసిన ప్రశ్న కాదని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది.

అతని తండ్రిగారికి బజారులో చిన్న ఫోటో స్టూడియో ఉండెడిది. రంగుల తెర, దానిముందొక చెక్క కుర్చీ, వెనుక చీకటిగది, అందులో ఎఱ్ఱని దీపము. పరీక్షల కాలమున హాలుటిక్కెట్టు ఫోటోలు, మాఘమాసమున పెండ్లి ఫోటోలు. ఆయన ఏ బొమ్మ ఇచ్చినను దాని వెనుక ఊదారంగు సిరాతో ముద్ర వేసెడివాడు: స్టూడియో పేరు, ‘తెనాలి’ యను మాట, దానిక్రింద చేతితో వ్రాసిన నెగటివు సంఖ్య. ఇరువది యేండ్ల తరువాత ఆ సంఖ్య చెప్పినను బొమ్మ మరల అచ్చువేసి యిచ్చెడివాడు. మా అమ్మగారి ఏకైక ఛాయాచిత్రము నాకు అట్లే దక్కినది.

గత మాసమున ఆ శిష్యుడు మా యింటికి వచ్చి, కాఫీ త్రాగి, గ్లాసు క్రింద పెట్టుచు, "మానేశానండీ మాస్టారూ" అన్నాడు. నేను సిగరెట్టు అనుకొంటిని. అతడు మానినది విదేశములలోని చిత్రముల అంగడికి బొమ్మలు పంపుట. పదునేడేండ్లుగా పంపిన వేలకొలది బొమ్మలను ఒక్కరాత్రి తొలగించి, ఖాతా మూసివేసినాడట. ఆ చెప్పుటలో కోపము లేదు. కోపమున్నచో నేనీ వ్యాసము వ్రాయకపోదును, కోపము తగ్గును. అతని మాటలో ఉన్నది విసుగు కూడ కాదు, ఒక పనిమీద నమ్మకము పోయిన మనుష్యుని చల్లదనము. అది నన్ను కలవరపెట్టినది.

స్టాక్ ఫోటో యనగానేమో కొందరు విద్యార్థులకు తెలియకపోవచ్చును. ఎవరును అడుగకముందే తీసి నిలువచేసిన బొమ్మ యని అర్థము. పత్రికకు వ్యవసాయముపై వ్యాసము పడవలెను, ఎరువుల కంపెనీకి ప్రకటన కావలెను, బ్యాంకువారు క్యాలెండరు వేయవలెను. వీరందరును పొలమునకు ఛాయాగ్రాహకుని పంపలేరు. కనుక చిత్రముల అంగడికి పోయి, ‘వరి, ఉదయము, స్త్రీ, నవ్వు’ అని నాలుగు మాటలు చెప్పి, దొరకిన దానికి రుసుము కట్టి వాడుకొందురు. అచట సాధారణముగా అమ్ముడగునది బొమ్మ కాదు, దానిని వాడుకొను అనుమతి. ఒకే బొమ్మకు వేయిమంది వద్ద అనుమతి రుసుము రాబట్టవచ్చును. వ్యాపారమంతయు ఈ కిటుకు మీద నిలిచియున్నది.

ఇది నిన్నటి వ్యాపారము కాదు. హిట్లరు ఏలుబడిలో ఉద్యోగము పోగొట్టుకొన్న ఆటో బెట్‌మన్ అను గ్రంథాలయోద్యోగి 1935లో రెండు పెద్ద పెట్టెల నిండ చిత్రములతో న్యూయార్కు చేరి, 1936లో అచట చిత్ర భాండాగారమును నెలకొల్పెను. 1995లో బిల్ గేట్సు గారి కార్బిస్ సంస్థ దానిని కొనెను. ఆ సంవత్సరముననే గెట్టీ సంస్థ పుట్టినది. ఆ దినములలో ఈ అంగళ్ళలో అడుగుపెట్టుట వృత్తినిపుణులకే కష్టము. కాని ప్రవేశించినవాని బొమ్మ ఒక్కటి అమ్ముడుపోయినచో వందల డాలర్లు వచ్చుట వింత కాదు. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు తెరమీద నీలాకాశము క్రింద పచ్చని కొండ యొకటి కనబడెడిది, జ్ఞాపకమున్నదా? దానిని చార్లెస్ ఓరియర్ అను ఆయన కాలిఫోర్నియాలో దారిన పోవుచు కారు ఆపి 1996లో తీసెను. మైక్రోసాఫ్ట్ వారు ఆయనకు పెద్ద మొత్తమే ముట్టజెప్పిరి. కోట్లమంది చూచిన ఆ బొమ్మ తీసినవాని పేరు మన కళాశాలలలో ఎందరు చెప్పగలరు? అయినను ఆయనకు పేరు దక్కకున్నను డబ్బు దక్కినది. తరువాతి తరమునకు రెండును దక్కలేదు.

2000లో కెనడాలోని కాల్గరీ నగరమున ఐస్టాక్‌ఫోటో యను సంస్థ వెలసినది. మొదట ఊరక ఇచ్చిపుచ్చుకొనుట, పిమ్మట చిల్లర ధర. 2003లో జాన్ ఓరింజర్ అను అతడు తాను తీసిన ముప్పదివేల బొమ్మలతో షటర్‌స్టాక్ ప్రారంభించి, నెలకింత యని చందా కట్టినవారు కావలసినన్ని తీసికొనవచ్చుననెను. 2006లో గెట్టీవారు ఐస్టాకును ఐదుకోట్ల డాలర్లకు కొనిరి. శత్రువును కొనుటకన్న ధర తగ్గించుట సులభమని వారును గ్రహించిరేమో. ఈ క్రొత్త అంగళ్ళలో ప్రవేశమునకు వృత్తి, వంశము, పరిచయము అక్కరలేదు. కొన్ని బొమ్మలు పంపి, పరీక్ష గట్టెక్కినచో చాలును. న్యూయార్కువాడును తెనాలివాడును ఒకే వరుసలో నిలుచుండిరి.

మా శిష్యుడు ఆ ద్వారముననే లోనికి పోయెను. తండ్రిగారి వ్యాపారము సెల్‌ఫోనుల ధాటికి అప్పటికే చిక్కియున్నది. అతడు వేకువనే లేచి సూర్యలంకకును, నిజాంపట్నమునకును పోయెడివాడు. దుగ్గిరాలలో పసుపు కొమ్ముల రాసులు, తెనాలిలో నిమ్మకాయల బుట్టలు, రేపల్లె రైలు కిటికీలోనుండి మంచులో వరికుప్పలు తీసెడివాడు. పంపిన బొమ్మలు సగము తిరిగివచ్చెడివి. ఎరువు బస్తా మీద కంపెనీ పేరున్నదని ఒకటి, చీకటి భాగమున చుక్కలున్నవని ఒకటి, ముఖము గుర్తుపట్టవచ్చును గాని ఆ మనుష్యుని సమ్మతిపత్రము లేదని మరియొకటి. అతడు పట్టుదలగా నేర్చుకొనెను. ఆ కష్టము నాకు నచ్చినది. పద్యము తిరిగివచ్చినచో సంపాదకుని తిట్టు కవులను నేను చాలమందిని చూచితిని.

ఈ కథలో నా పాత్రయు కొంత కలదు. ప్రతి బొమ్మకును ఆంగ్లమున ఇరువది, ముప్పది సూచకపదములు వ్రాయవలెను; వెదకువారికి బొమ్మ దొరకుట వానిని బట్టియే. అతడు వానికొరకు నావద్దకు వచ్చెడివాడు. ఒకనాడు ఒక మంచి బొమ్మ తెచ్చినాడు. కోతకు ముందు నిలిచియున్న వరిచేలో ఒక రైతు మినుములు చల్లుచున్నాడు. మన కృష్ణా డెల్టాలో ఇది చిన్నపిల్లలకును తెలిసిన పని. వరి కోసిన పిదప మిగిలిన తేమలో మినుము పెరుగును. దీనిని రెండు మాటలలో ఆంగ్లమున ఎట్లు చెప్పుదుము? అరగంట తంటాలుపడి, చివరకు ‘రైతు, పొలము, విత్తనము, ఆసియా’ అని వ్రాసి ఊరుకొంటిమి. ఆ బొమ్మ చాలసార్లు అమ్ముడుపోయినది. ఒకచోట అది వేరొక దేశపు వరినాట్ల బొమ్మగా అచ్చయినదట. అచ్చువేసినవారిని ఏమనగలము? ఊరిపేరు ముందుగా తుడిచినది మేమే.

సమ్మతిపత్రముల కథ మరియొకటి. సూర్యలంకలో వల బాగుచేయుచున్న ఒక వృద్ధ మత్స్యకారుని బొమ్మ తీసి, ఆంగ్ల పత్రమును చదివి తెలుగున చెప్పి, వేలిముద్ర వేయుమన్నాడట. ఆయన వెంటనే వేయలేదు.

"నా బొమ్మతో వాళ్ళకేం పనయ్యా?"

"ఏదన్నా పుస్తకంలో వేసుకుంటారు బాబాయ్."

"నా పేరు వేస్తారా?"

"వెయ్యరు."

"మరి అది నేనేనని ఎట్టా తెలుస్తది?"

దీనికి మా శిష్యునివద్ద జవాబు లేకపోయెను. నూరురూపాయలు చేతిలో పెట్టి, వారము తరువాత పెద్ద ప్రతి యొకటి అద్దము కట్టించి ఇచ్చివచ్చెను.

కొన్నియేండ్లు బాగుగనే గడచినవి. నెలకు వచ్చునది గొప్ప జీతము కాదు గాని, కటకము కొనుటకును, కూతురి కళాశాల రుసుమునకును సరిపోయెడిది. పిదప జారుడు మొదలయినది. ఏ ఒక్క సంస్థనో వ్రేలెత్తి చూపుట నా ఉద్దేశ్యము కాదు. అతడు పంపిన సంస్థ పేరును నాకు అనవసరము. గాలి అంతటను ఒకే దిక్కునకు వీచినది. బహిరంగముగా అందరికిని తెలిసిన యుదాహరణ మొకటి చాలును. 2020 జూనులో షటర్‌స్టాక్ వారు చెల్లింపు పద్ధతిని మార్చిరి. బొమ్మ తీసినవాని వాటా అమ్మకముల మెట్టును బట్టి నూటికి 15 మొదలు 40 వరకు. కాని ప్రతి జనవరి 1వ తేదీన అందరును మరల మొదటి మెట్టునకు దిగవలెను. ఒక్కొక్క ప్రతికి కనీసముగా వచ్చునది పది సెంట్లు. ఉపాధ్యాయ మిత్రులు ఒక్కసారి ఊహించుకొనుడు: ఏటేట నూతన సంవత్సరము నాడు మీ ఇంక్రిమెంట్లన్నియు రద్దయి, నిన్న చేరిన వానితో సమముగా మొదటినుండి లెక్క ప్రారంభమైనచో మన సంఘములు ఊరకుండునా? ఛాయాగ్రాహకులలో అనేకులు నిరసనగా తమ బొమ్మలను అమ్మకమునుండి తొలగించిరి. సంస్థ మాత్రము పద్ధతి మార్చుకొనలేదు.

మరొకప్రక్క ఊరక ఇచ్చువారు బయలుదేరిరి. 2013లో వెలసిన అన్‌స్ప్లాష్ లో మంచి బొమ్మలు డబ్బు లేకుండ దొరకును. దానిని 2021లో గెట్టీవారే కొనిరి. ఆ మీదట 2022లో యంత్రము వచ్చెను. మాటలు చెప్పినచో బొమ్మ గీయు కృత్రిమ మేధను ఆ యేటి అక్టోబరులో షటర్‌స్టాక్ వారు తమ అంగడిలోనికి తెచ్చుచున్నట్లు ప్రకటించిరి. ఎవరి బొమ్మలు చూచి యంత్రము నేర్చుకొన్నదో వారికి కొంత సొమ్ము పంచుటకు నిధి యొకటి పెట్టెదమనిరి.

నేను ఊరకనే విమర్శించుట యెందుకని, మా శిష్యుని చేతనే ఆ యంత్రమును అడిగించితిని: ‘ఆంధ్రతీరమున వృద్ధ మత్స్యకారుడు, వేకువ.’ పది క్షణములలో బొమ్మ వచ్చినది. అందముగానే యున్నది. అతడు దగ్గరగా చూచి, "ఈ పడవ మన తీరం పడవ కాదండీ. ఈ చెయ్యి ఎప్పుడూ వల లాగిన చెయ్యి కాదు" అన్నాడు. అది నిజమే. కాని క్యాలెండరు వేయు బ్యాంకువారు చేతిని చూతురా? రేపటి యంత్రము చేతిని కూడ సరిగా వేయును. తప్పులు పట్టుకొని మనము ఎంతకాలము ధైర్యము చెప్పుకొనగలము?

గెట్టీ సంస్థ 2023లో స్టెబిలిటీ ఏఐ యను కంపెనీ మీద లండనులోను, అమెరికాలోను వ్యాజ్యములు వేసినది. యంత్రము పుట్టించిన కొన్ని బొమ్మల మీద గెట్టీవారి అంగడి ముద్ర వంటిది అలుకుడుగా కనబడుటయే అందులోని వింత. పరీక్షలో ప్రక్కవాని సమాధానములతోపాటు వాని హాలుటిక్కెట్టు సంఖ్యను కూడ ఎక్కించు విద్యార్థులను మనము ఎరుగుదుము గదా! 2025 నవంబరులో వెలువడిన లండను తీర్పు గెట్టీవారికి ముద్ర విషయమున స్వల్ప విజయమును మాత్రము ఇచ్చినది. నేర్చుకొన్న యంత్రములో బొమ్మల ప్రతులు నిలువలేవు గనుక యంత్రము దొంగప్రతి కాదని న్యాయమూర్తి తేల్చెను. ముద్ర వేసికొన్నవానికి ఆ మాత్రమైన దారి దొరకినది. ముద్ర లేనివాడు ఏ న్యాయస్థానమునకు పోవలెను?

ఇచట నేను మా శిష్యునికి చెప్పిన కటువైన మాటను కూడ దాచరాదు. "ఏమోయ్, 2000 తరువాత పావుడాలరుకు బొమ్మలిచ్చి పెద్ద ఛాయాగ్రాహకుల పొట్టకొట్టిన వాళ్ళలో నువ్వూ ఒకడివి కదా? ఆనాడు న్యూయార్కులో నిన్నెవరో తిట్టుకునే ఉంటారు" అంటిని. చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నిజమేనండీ. కానీ నేను చవగ్గా ఇచ్చాను మాస్టారూ, ఎత్తుకుపోలేదు. నాలుగింటికి లేచి పోయి తీశాను" అన్నాడు. నేను ఓడితిని. చవుకగా పనిచేయుటకును, పనియే చేయకుండ ఫలము కోయుటకును నడుమనున్న గీత సన్ననిదే కావచ్చును, కాని ఉన్నది. ఆ గీతను చెరిపివేసి ‘కాలము మారినది’ అని చేతులు దులుపుకొనువారితో నేను ఏకీభవింపలేను.

నాకు తెలిసిన విద్య సాహిత్యము గనుక ఆ దారినే ఆలోచించెదను. మన ప్రాచీనులలో కృతికర్త వేరు, కృతిభర్త వేరు. వ్రాసినవాడు కర్త, సొమ్మిచ్చి అంకితము పుచ్చుకొన్నవాడు భర్త. పాండురంగ మాహాత్మ్యమును తెనాలి రామకృష్ణకవి విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చెను. కృతి వేదాద్రిదే. అయినను ప్రతి ఆశ్వాసము చివర గద్య యొకటి యుండును; అందులో కవి తన పేరు చెప్పుకొనును. రాజైనను, మంత్రియైనను ఆ గద్యను తీసివేయించుకొన్నట్లు మనము వినలేదు. ఇప్పుడు వేదాద్రి యెవరని మా బజారులో అడుగుడు; తెనాలి రామకృష్ణుని గూర్చి అడుగుడు. గద్య చేసిన ఉపకారమేమో తెలియును. స్టూడియో యజమాని బొమ్మ వెనుక వేసిన ఊదారంగు ముద్ర కూడ ఒక గద్యయే. ఈ స్టాక్ వ్యాపారము మొదట ఆ ముద్రను చెరిపినది, పిదప ధరను తగ్గించినది, ఆ మీదట తీసినవానినే అనవసరము చేసినది. ఈ మూడింటిలో మొదటిది జరిగిననాడు ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు, డబ్బు వచ్చుచుండుటచేత.

మన 1957 నాటి కాపీరైటు చట్టము కూడ ఇట్టి కర్తృభర్తృ భేదమును పాటించినది. సొమ్మిచ్చి తీయించుకొన్న పెండ్లిఫోటోకు, వేరు ఒడంబడిక లేనిచో, తీయించుకొన్నవాడే హక్కుదారు. తనంతట తాను తీసిన వరిచేని బొమ్మకు తీసినవాడే హక్కుదారు. 2012 సవరణకు పూర్వము ఛాయాచిత్రమునకు ప్రచురించిన నాటినుండి అరువదియేండ్లే రక్షణ. సవరణ తరువాత కవికి వలెనే ఛాయాగ్రాహకునకును జీవితకాలము, ఆపై అరువదియేండ్లు. హక్కును విడిగా అమ్ముకొన్నను ‘ఇది నేను చేసినది’ అని చెప్పుకొను అధికారము కర్తకు మిగులునని 57వ విభాగము చెప్పుచున్నది. చట్టము మంచిదే. కాని దానితో దూరదేశపు అంగడిని ఎదిరించుట తెనాలివాని తరమా? అమెరికాలో కేరల్ హైస్మిత్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకురాలు తన బొమ్మలను ప్రజలందరి ఉపయోగమునకై లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చివేసినది. తన బొమ్మనే తాను వాడుకొన్నందుకు 120 డాలర్లు కట్టుమని ఆమెకే ఒక నోటీసు వచ్చినది! 2016లో ఆమె గెట్టీ సంస్థ మీదను, మరికొందరి మీదను దావా వేసినది. ప్రధానమైన అభియోగములను న్యాయస్థానము ఆ యేటనే కొట్టివేసినది.

అంతదూరము పోనేల? మన పాఠశాలల గోడపత్రికలను చూడుడు. మన తెరపాఠములను చూడుడు. అందులో నున్న బొమ్మల క్రింద ఒక్క పేరైనను కలదా? తరగతిలో బోధనకై వాడుకొనుటకు చట్టము మనకు కొంత వెసులుబాటు ఇచ్చినది. పేరు వ్రాయవలదని మాత్రము చెప్పలేదు. పద్యము చెప్పి కవి పేరు చెప్పని విద్యార్థికి మార్కు తగ్గించు మనము, బొమ్మ వద్దకు వచ్చుసరికి ‘గూగులులో దొరకినది’ అందుము. చాటుపద్యములకు కర్తలెవరో తెలియక పండితులు తలలు పట్టుకొనుట తెలిసియు, మరల కర్తలేని రాశిని మనచేతులతో మనమే పెంచుచున్నాము. నేను నిర్దోషిని కాను. కొన్నియేండ్ల క్రింద ఒక కళాశాల వార్షిక సంచికకు నేను సంపాదకుడనై, ఈ శిష్యుని కాలువ బొమ్మనే ముఖపత్రముగా వేసితిని. ‘మనవాడే గదా’ అని సొమ్ము ఇవ్వలేదు. వెనుకపుటలో కాగితము దుకాణమువారి పేరు, ముద్రాపకుని పేరు, ప్రూఫులు దిద్దిన నా పేరు ఉన్నవి. అతని పేరు లేదు. అతడు ఆ సంచికను అడిగి పుచ్చుకొని, ఏమియు అనక, సంతోషించి పోయెను.

ఇప్పుడు అతడు ఏమి చేయుచున్నాడందురా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత తండ్రిగారు రేపల్లె ప్రాంతమున తిరిగి తీసిన నెగటివులు ఒక రేకుపెట్టెలో ఉన్నవి. వానిని అతడు ఏ అంగడికిని పంపలేదు. ఎందుకు పంపలేదని అడిగితిని. "అవి అమ్మేవి కావండీ" అన్నాడు. వాని మీద సంఖ్యలున్నవి గాని ఊళ్ళ పేర్లు లేవు. ఆదివారములలో ప్రతులు సంచిలో వేసికొని తెనాలినుండి రేపల్లె రైలెక్కి పోయి, పల్లెలలో ముసలివారికి చూపించి, ఈ గుడి ఏ యూరిది, ఈ చెట్టు ఎచటిది, ఈ నిలుచున్న ఆమె యెవరు అని అడిగి వెనుకవైపు పెన్సిలుతో వ్రాసికొనుచున్నాడు. ఇప్పటికి పదునాలుగు బొమ్మలకు ఊళ్ళు తెలిసినవి. దీనివలన పైసా రాదు. స్టూడియోలో పాసుపోర్టు ఫోటోలు తీసి, పెండ్లిండ్లకు పోయి సంసారము నడుపుచున్నాడు.

ఈ యేటి వార్షిక సంచిక ముఖపత్రమునకు మరల అతనినే అడిగితిని. సూర్యలంక మత్స్యకారుని బొమ్మ ఇచ్చినాడు. ముందుగా బాపట్ల వెళ్ళి ఆ పెద్దాయన అనుమతి అడిగి, పేరు కనుగొని వచ్చెను. అద్దము కట్టిన ప్రతి ఆ యింటి గోడకు ఇంకను ఉన్నదట. ముఖపత్రము వెనుక రెండు పేర్లు వేయించుచున్నాము, బొమ్మలోని వానిది, బొమ్మ తీసినవానిది. శిష్యుడు ఈసారి మొగమాటపడక ఐదువందల రూపాయలకు బిల్లు వ్రాసి, క్రింద తండ్రిగారి నాటి ఊదారంగు ముద్ర వేసి ఇచ్చెను.

బిల్లు చూచిన గుమాస్తాగారు కలము చెవిమీద పెట్టుకొని, "ఫోటోకి డబ్బులేంటి మాస్టారూ? నెట్‌లో బోలెడున్నాయిగా. అసలు దీనికి పద్దు ఏది? కాగితానికుంది, ప్రింటింగుకుంది, బైండింగుకుంది. ఫోటోకి లేదే!" అన్నారు. నేను ‘ఇతరములు’ క్రింద వ్రాయుడంటిని. అందుకు ప్రిన్సిపాలుగారి సంతకము కావలెనట. వారు సెలవులో ఉన్నారు.

బిల్లు ఇంకను ఆ బల్లమీదనే ఉన్నది.